సీసా మీది చిన్న అంకె

జంషెడ్‌పూర్‌కు బదిలీపై వచ్చిన తొలి శీతాకాలంలో మేము సహోద్యోగుల కుటుంబాలతో కలిసి డిమ్నా సరస్సుకు వనభోజనానికి వెళ్లాము. దల్మా కొండల చెంత ఆ రోజు ఆహ్లాదంగా గడిచింది. భోజనానికి ముందు కొందరు మిత్రులు బీరు సీసాలు తెరిచారు. "బీరు కూడా మద్యమేనా అండీ? బార్లీ నీళ్లు!" అన్న ఒక పెద్దమనిషి మాట నమ్మి మేమూ ఒక సీసా పూర్తి చేశాము. తిరుగు ప్రయాణంలో ఒక మలుపు వద్ద మా స్కూటరు అదుపు తప్పింది. వెనుక కూర్చున్న మా శ్రీమతికి మోచేయి చీరుకుపోయింది. అంతటితో పోయింది, మా అదృష్టం.

ఇల్లు చేరాక ఆమె కోపగించలేదు. "ఒక్క సీసాయే కదా అన్నారు. అందులో ఎంత ఉన్నదో చూశారా?" అని మాత్రం అడిగింది. మేము చూడలేదు. ఆ రాత్రే కాగితం, కలం తీసుకుని లెక్కకు కూర్చున్నాము.

పెద్ద బీరు సీసా 650 మిల్లీలీటర్లు. మేము త్రాగినది 'స్ట్రాంగ్' రకం. దానిలో ఆల్కహాలు 8 శాతం. అనగా 52 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలు. మన దేశపు విస్కీ, రమ్ములలో సాధారణంగా 42.8 శాతం ఉంటుంది. ఆబ్కారీ పరిభాషలో 75 డిగ్రీల ప్రూఫ్ అన్నా అదే. 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో సుమారు 26 మిల్లీలీటర్లు. కనుక మా 'బార్లీ నీళ్లు' రెండు పెద్ద పెగ్గుల విస్కీకి సమానం! "రెండు పెగ్గులు పుచ్చుకుని నన్ను బండి ఎక్కించుకునేవారా?" అన్నది ఆమె. మా వద్ద సమాధానం లేదు.

పులియబెట్టిన పానీయంలో ఆల్కహాలు 15 శాతానికి చేరువయ్యేసరికి దానిని తయారుచేసే ఈస్టే చాలావరకు నశిస్తుంది. అందుకే ద్రాక్షసారా 12 శాతం ప్రాంతంలో ఉంటుంది. అంతకు మించి కావాలంటే బట్టీ పెట్టవలసిందే. ఆల్కహాలు 78 డిగ్రీల వద్దనే మరుగుతుంది గనుక ఆవిరిలో అది ఎక్కువగా చేరుతుంది. ఇప్పసారా తీరు ఇదే. ఇక్కడి వారపు సంతలలో ఆదివాసీ మహిళలు అమ్మే హండియా మాత్రం మన కల్లు వలె పులిసినదే. వండిన అన్నంలో 'రాను' బిళ్లలు కలిపి కుండలో కొన్ని రోజులు ఉంచుతారు. వారి పండుగలలో దానికి గౌరవస్థానమున్నది. అయితే కుండకు, కలిపిన నీటికి తగినట్లు దాని బలం మారుతుంది. కల్లు కూడా అంతే. ఉదయం తియ్యగా ఉన్నది ఎండ ఎక్కేకొద్దీ ముదురుతుంది. వీటిపై చూసుకోవడానికి అంకె ఉండదు.

మా 52 మిల్లీలీటర్లు బరువులో 41 గ్రాములు. కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే హరించగలదు. కాఫీ, నిమ్మరసం ఆ పనిని వేగిరపరచవు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించితే బండి నడపడం నేరం. ఆరోగ్యానికి హాని లేని మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది.

నాటి నుండి మేము ఆ సీసా జోలికి పోలేదు. మానలేని మిత్రులకు మా మనవి ఒక్కటే: పానీయం పేరును నమ్మవద్దు, అంకెను చదవండి. త్రాగిన రోజున బండి తాళాలు మరొకరికివ్వండి. మా శ్రీమతి మోచేతి మీది మచ్చ ఇంకా మానలేదు. గాజులు సర్దుకున్నప్పుడల్లా మాకు కనిపిస్తూనే ఉంటుంది.