ఆర్కన్సా పల్లెలలో బడి కథ

అమెరికా యనగానే మన సోదరీమణులకు న్యూయార్కు మేడలును, నయాగరా జలపాతమును స్మరణకు వచ్చును. నేను వ్రాయబోవు సీమలో అట్టి మేడలు లేవు. చూడవచ్చిన యాత్రికుల సందడియు లేదు. అది ఆర్కన్సా రాష్ట్రము. దేశమునకు దక్షిణభాగమున, మిసిసిపీ మహానదికి పడమటి యొడ్డున నున్నది. పేరు చివర నొక సకారము వ్రాయుదురు గాని పలుకరు. ఆ రాష్ట్రపు వాయవ్యమూల నున్న బెంటన్‌విల్ పట్టణమున వాల్‌మార్టు వర్తకసంస్థ ప్రధాన కార్యాలయము కలదు. ఆ కొలువులకై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు అచ్చట పెక్కు గలవు. మా తమ్ముడును అట్టివాడే. బడికి వేసవి సెలవులు కాగా, మే నెలలో మే మిరువురమును వాని యింటికి పోయి, అచ్చటినుండి ఆ రాష్ట్రమును ఒక కొననుండి మఱియొక కొనవఱకు చూచి వచ్చితిమి.

బెంటన్‌విల్ ఓజార్కు కొండల సీమలోనిది. మలుపులు తిరుగు బాటలు, చిన్న వాగులు, పచ్చిక బయళ్లు, దూరదూరముగా ఇండ్లు. ఆ బాటలపై నా చూపును మొదట నాకర్షించినది పసుపుపచ్చని బడిబస్సు. అది యాగి యెఱ్ఱదీపములు వెలిగించినంతనే ముందు వెనుకల నున్న బండ్లన్నియు నిలిచిపోవును. పిల్లవాడు దిగి దారి దాటువఱకు ఎవ్వరును కదలరాదని యచ్చటి చట్టము. "చూచితివా అక్కా, ఈ దేశములో పసిపిల్లవానికి గల గౌరవము!" అని మా తమ్ముడు మురిసెను. నిజమే. కాని, ఈ బస్సు ఇంత దూరము ఏల తిరుగవలసివచ్చె నని మావా రడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటయే మా ప్రయాణమునకు సగము పని యైనది.

అచ్చటి "స్కూలు డిస్ట్రిక్టు" మన జిల్లావంటిది కాదు. కొన్ని పల్లెలకు, ఒక్కొక్కప్పు డొకే పల్లెకు, స్వంతమైన విద్యాపాలన యది. ఊరివారే ఓట్లు వేసి పాలకసభ్యులను ఎన్నుకొందురు. భూములమీదను, ఇండ్లమీదను వేసిన పన్ను వానికి ముఖ్యాధారము. ఉపాధ్యాయులను నియమించునది ఆ సభయే. కావున డిస్ట్రిక్టు పోయినదనగా ఒక భవనము మాత్రమే పోయినది కాదు; మా పిల్లల చదువు మేమే నిర్ణయింతుమను నధికారమును పోయిన దన్నమాట.

1939-40లో అమెరికా దేశమంతట ఇట్టి డిస్ట్రిక్టులు సుమారు 1,17,000 ఉండెను. నేడు అవి సుమారు 13,000 మాత్రమే. 1930 నాటికి ఒక్కొక్క బడిలో సగటున 87మంది పిల్లలుండగా, 1970 నాటికి ఆ సంఖ్య 440 ఆయెను. రహదారులు బాగుపడి మోటారుబస్సులు వచ్చుటచే ఒంటియుపాధ్యాయుని బడులను మూసి పిల్లలను పెద్దబడికి చేర్చుట సాధ్యమైనది. ఆర్కన్సాలో 1948లో ప్రజలే ఓటు వేసి యొక చట్టము చేసిరి. బడియీడు పిల్లలు 350కి తక్కువగా నున్న డిస్ట్రిక్టు ఇక నిలువరాదని దాని సారము. పదునైదు వందలకు పైబడిన డిస్ట్రిక్టులు దానితో నాలుగు వందల చిల్లరకు దిగినవి. ఈ 350 అను సంఖ్యను పాఠకురాండ్రు గుర్తుంచుకొందురు గాక! అది మరల వచ్చును.

కొండలు దిగి రాజధానియైన లిటిల్ రాక్ చేరితిమి. 1957లో తొమ్మండుగురు నల్లజాతి విద్యార్థులు సైనికుల రక్షణలో అడుగు పెట్టిన సెంట్రల్ హైస్కూలు ఇచ్చటనే యున్నది. అది నేటికిని బడియే. దాని మెట్లముందు నిలిచి, చదువు కొఱకు ఆ పసివారు భరించిన నిందలను తలచుకొని నమస్కరించి, తూర్పుముఖముగా సాగితిమి.

అటనుండి భూమి యరచేయివలె చదునగును. దీనిని డెల్టా యందురు. మైళ్లకొలది వరిపొలములు! అమెరికాలో పండు బియ్యములో ఇంచుమించు సగము ఆర్కన్సాలోనిదే. గోదావరి తీరపు సీమలలో తిరిగినదానను గనుక నాకు పుట్టింటికి వచ్చినట్లు తోచెను. కాని యెంత వెదకినను చేలలో మనుష్యులు కానరారు. నారుమడి లేదు, నాట్లు లేవు, నాట్లు వేయు కూలిస్త్రీల పాట లేదు. పొడినేలలో యంత్రముతో విత్తనము వేసి, మొలక యెదిగిన పిదప నీరు పెట్టుదురు. ఎరువు చల్లుటకు విమానము వచ్చును. ఒకప్పు డీ సీమలో ప్రత్తి తీయుటకు వేలకొలది చేతులు కావలసియుండెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము ప్రత్తి తీయు యంత్రములు వచ్చి ఆ చేతులకు పని లేకుండ చేసినవి. కుటుంబములు ఉత్తరపు నగరములకు వలసపోయినవి. పల్లెలు పలుచబడుటకు మొదటి కారణ మిదియే గాని బడి మూతపడుట కాదు. దీనిని మఱచి సర్వదోషమును ప్రభుత్వముపై మోపుట న్యాయము కాదు.

హెలీనా యను నదీతీరపు పట్టణమునకు దక్షిణముగా లేక్ వ్యూ అను చిన్న యూరు కలదు. నా యాత్రకు గమ్యస్థాన మదియే. 1930ల దశకమున కేంద్రప్రభుత్వము పెద్ద భూస్వాముల పొలములను కొని, కమతములుగా విభజించి, కౌలుబ్రతుకు బ్రదుకుచుండిన నల్లజాతి రైతుకుటుంబముల నిచ్చట నిలిపెను. నదిపాయ తెగి మిగిలిన సరస్సు ప్రక్కన ఊరు. 2000లో జనసంఖ్య ఐదు వందలకు కొంచెము పైన. 2010 నాటికి 450కి లోపు.

ఈ చిన్న యూరు ఒక మహాకార్యము చేసెను. భూముల విలువ తక్కువయైన చోట పన్ను తక్కువ. పన్ను తక్కువయైన చోట బడి హీనము. సంపన్నమైన డిస్ట్రిక్టులో పుట్టిన పిల్లకు ఒక చదువును, బీదపల్లెలో పుట్టిన పిల్లకు వేఱొక చదువును ఎట్లు తగునని లేక్ వ్యూ డిస్ట్రిక్టు 1992లో రాష్ట్రప్రభుత్వముపై వ్యాజ్యము వేసెను. 1994లో విచారణ న్యాయస్థానము ఆ యూరి పక్షమున తీర్పు చెప్పెను. వ్యాజ్యము పదియేండ్లు నడచెను. తుదకు 2002 నవంబరులో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము, బడులకు ధనమిచ్చు పద్ధతి రాజ్యాంగవిరుద్ధమని నిర్ణయించెను. ధర్మము గెలిచినది.

గెలిచిన పిదప జరిగినదేమి? తీర్పును అమలుపఱచుటకు శాసనసభ ప్రత్యేకముగా సమావేశమై, 2004లో అమ్మకపుపన్నును నూటికి ఐదుంబాతిక లోపునుండి ఆఱునకు పెంచెను. బడులకు ధనము పెరిగెను. ఉపాధ్యాయుల జీతములు పెరిగెను. ఇదంతయు మేలే. కాని చిన్న డిస్ట్రిక్టులు వ్యయభారమని తలచి, గవర్నరు మైక్ హకబీ 1,500మంది విద్యార్థులకు తక్కువైనవానిని కలిపివేయవలెనని కోరెను. శాసనసభ ఆ సంఖ్యను 350కి తగ్గించి చట్టము చేసెను. వరుసగా రెండేండ్లు 350కి తక్కువ పిల్లలున్న డిస్ట్రిక్టు మఱియొకదానిలో చేరవలసినదే. లేక్ వ్యూలో అంతమంది పిల్లలు లేరు. 2004లోనే అది బార్టన్-లెక్సా డిస్ట్రిక్టులో కలిసిపోయెను. ఊరందఱి మేలునకు చెఱువు త్రవ్వించినవాని చేనే ఆ చెఱువులో మునిగినట్లు, రాష్ట్రపు పిల్లలందఱికి న్యాయము సంపాదించిన పల్లె తన పాలనసభను పోగొట్టుకొనినది!

ఇందు రెండవ పక్షమును వినవలసినదే. ఆర్కన్సా నియమముల ప్రకారము ఉన్నతవిద్యాశాల యేటేట 38 పాఠ్యాంశములను బోధింపవలెను. తరగతికి పదిమంది పిల్లలున్న చోట రసాయనశాస్త్రమునకు ఒకరిని, సంగీతమునకు ఒకరిని, పరభాషకు ఒకరిని ఎట్లు నియమింతురు? బీదపల్లె బాలికకు వైద్యవిద్య చదువవలెనని యున్నచో విజ్ఞానశాస్త్రము చక్కగా చెప్పు బడి కావలెను గదా! ఉపాధ్యాయుని యింటి యిల్లాలినగుటచే, ఒక్కడే నాలుగు తరగతులు మోయుట యనగా నేమో నేనెఱుగుదును. పెద్దపిల్లలకు పెద్దబడి మేలు చేయవచ్చునని నేనును ఒప్పుకొందును.

అయినను, కలిపివేయుట వలన లాభమెంత యని లెక్కించువారు సామాన్యముగా వ్రాయని ఖాతా యొకటి కలదు. హెలీనాలో ఒక చిన్న దుకాణమున నొక వృద్ధురాలు మాతో సంభాషించెను. ఆమె బాల్యమున చదివిన పల్లెబడి యెప్పుడో మూతపడినదట. "బస్సు వచ్చి పిల్లలను కొనిపోవుచున్నది, సాయంకాలమునకు తిరిగి తెచ్చుచున్నది. దానికేమి లోపము లేదు. కాని మమ్ము పెద్దలను ఒకచోటికి చేర్చు బస్సు ఏదమ్మా?" అని యామె నవ్వెను. బడి యున్న కాలమున ఆటలపోటీలకు, పిల్లల నాటకములకు, విందులకు ఊరందఱును అచ్చటనే చేరెడివారట. ఇప్పుడు ఆదివారము చర్చిలో తప్ప ఇరుగుపొరుగువారి ముఖములు కానరావట. ఏ చర్చి వారు ఆ చర్చికే పోవుదురు. బడికి మాత్రము అందఱును వచ్చెడివారు.

ఈ మాట కేవల మొక ముదుసలి బెంగ కాదు. న్యూయార్కు రాష్ట్రపు పల్లెలను పరిశీలించి థామస్ లైసన్ అను పండితుడు 2002లో ప్రకటించిన వ్యాసమున, బడి గల చిన్నపల్లెలలో ఇండ్ల విలువ మొదలగు అనేక విషయములు బడిలేని పల్లెలకంటె మెఱుగుగా నున్నవని చూపెను. పెద్దబడియే పిల్లకు మేలనుటయు సందేహాస్పదమే. క్రిస్టఫర్ బెర్రీ, మార్టిన్ వెస్ట్ అనువారు 2010లో ప్రకటించిన పరిశోధనలో, చిన్నబడులు గల రాష్ట్రములలో చదివినవారికి చదువు వలన కలిగిన ఆదాయఫలము ఎక్కువగా నుండె నని తేలినది. ఆర్కన్సావారును కొంత తగ్గిరి. బడి చక్కగా నడచుచున్నచో 350కి తక్కువైనను నిలుపుకొనుటకు అనుమతి కోరవచ్చునని 2015లో వేఱొక చట్టము చేసిరి. కాని 2004లో కలిసిపోయిన వానికి అది యక్కఱకు రాలేదు.

ఈ కథ మనకు దూరపుది కాదు. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 117వ సంఖ్యగల ఉత్తర్వుతో బడుల స్వరూపమును మార్చెను. ఒక కిలోమీటరు లోపల ఉన్నత పాఠశాల యున్నచో, ప్రాథమిక పాఠశాలలోని 3, 4, 5 తరగతుల పిల్లలను అచ్చటికి పంపవలెనని నిర్ణయించిరి. సబ్జెక్టునకొక ఉపాధ్యాయుడు దొరకునను ఆశ మంచిదే. కాని యెనిమిదేండ్ల పసివారు పెద్దరోడ్డులు దాటి పోవలసివచ్చె నని తల్లిదండ్రులు పలుచోట్ల ఆందోళన చేసిరి. 2025లో ఆ యుత్తర్వును తొలగించి వేఱు ఏర్పాటులు చేసిరి. మన దేశములో 2016-17 నాటికి ఒంటియుపాధ్యాయుని బడులు 1,08,017 ఉండెనని 2020 జాతీయ విద్యావిధానమే చెప్పుచున్నది. కావున ఈ సమస్య ఒక ఉత్తర్వుతో పుట్టినదియు కాదు, ఒక రద్దుతో తీరునదియు కాదు. రేపు మన యూరి బడి విషయమున మరల ఈ ప్రశ్న రావచ్చును.

అప్పుడు మగవారు లెక్కలు చూచుకొందురు గాక, ఇంటి యిల్లాండ్రము మనము సభకు పోయి కొన్ని ప్రశ్నలు అడుగవలెను. తరలునది పదునాలుగేండ్ల పిల్లయా, ఎనిమిదేండ్ల పిల్లయా? ఇద్దఱికి ఒకే దూరము దూరము కాదు. వానకాలమున ఆ దారి యెట్లుండును? ఆడపిల్లకు తోడెవరు? బండి యేర్పాటు కాగితముమీదనే యున్నదా, వాకిటికి వచ్చుచున్నదా? పిల్లలు పోయిన పిదప ఆ భవనమునకు తాళము వేయుదురా, లేక గ్రంథాలయమునకో, శిశువుల అంగన్‌వాడీకో, స్త్రీల సమావేశములకో ఊరికి విడుతురా? కొత్త బడి పాలకసంఘమున మా యూరి తల్లికి స్థానము కలదా?

బడులను కలుపుట ఎల్లప్పుడు తప్పనియు, ఎల్లప్పుడు ఒప్పనియు నేను చెప్పజాలను. కాని పల్లెలో బడి యనగా పిల్లలకు చదువుచోటు, పెద్దలకు కలియుచోటు. మొదటిదానిని మఱియొక యూరికి తరలింపవచ్చును. రెండవదానిని తరలించుటకు ఏ బస్సును లేదు. దానికి బదులేమి యిత్తురో ముందుగా చెప్పినగాని సమ్మతి యీయరాదని సోదరీమణులకు నా మనవి.