అక్షర వారధి

దివిసీమలోని ఒక పల్లెలో విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడొకరు మెదడుకు రక్తప్రసరణ ఆగి జబ్బుపడి, కోలుకొన్నారు. మాట తడబడలేదు, చేయి వణకలేదు. ఒకనాడు బందరులోని బాల్యమిత్రునికి ఉత్తరం వ్రాశారు. సరిచూసుకొందామని కాగితం అందుకొంటే, తాను వ్రాసిన అక్షరాలే తనకు అపరిచితాలై కనిపించాయి. చదువు చెప్పి బ్రతికిన మనిషికి అంతకు మించిన దైన్యమేముంటుంది? గుడివాడలో కళ్లు పరీక్షించిన వైద్యుడు లోపం కంటిది కాదని, మెదడుదని చెప్పాడు.

మానవ మస్తిష్కంలో రెండు గోళార్ధాలున్నాయి. చూపు నిలిచిన బిందువుకు ఎడమవైపు దృశ్యం ముందుగా కుడి గోళార్ధానికీ, కుడివైపు దృశ్యం ఎడమ గోళార్ధానికీ చేరుతుంది. ‘కృత్తివెన్ను’ అనే ఊరి పేరు నడుమ చూపు నిలిపితే, మొదటి సగం ఒకచోటికి, రెండో సగం మరొకచోటికి పోతాయి. అయినా మనం చదివేది ఒకే పేరు. అధికసంఖ్యాకులలో అక్షరరూపాలను గుర్తించే స్థానం ఎడమ గోళార్ధం అడుగున, వెనుకవైపు ఉంటుంది. కుడి గోళార్ధం అందుకొన్న సగం కార్పస్ కల్లోజం అనే నాడీతంతువుల వారధి మీదుగా అక్కడికి చేరి, రెండో సగంతో కలిసి పదమవుతుంది.

పులిగడ్డ వద్ద కృష్ణ రెండు పాయలై దివిసీమను నడుమ ఉంచుకొని ప్రవహిస్తుంది. అక్కడి అక్విడక్టు నదీపాయ మీదుగా కాలువనీటిని సీమకు చేరుస్తుంది. అది తెగితే ఆవలి కాలువ నిండుగా ఉన్నా ఈవలి చేలు ఎండవలసిందే. ఆ ఉపాధ్యాయుని స్థితి అటువంటిదే.

1892లో ఫ్రెంచి వైద్యుడు జూల్ డెజరిన్ ఇటువంటి రోగినే వర్ణించాడు. మరణానంతరం పరిశీలించగా, అతని ఎడమ గోళార్ధంలోని దృష్టిక్షేత్రమూ, వారధి వెనుక కొసా దెబ్బతిన్నట్లు తేలింది. కుడి గోళార్ధం చూస్తూనే ఉన్నది. చూచినది అక్షరస్థానానికి చేరే దారి లేదు. వ్రాయడానికి ఆ దారితో పని లేదు గనుక చేయి వ్రాస్తూనే ఉన్నది. అక్షరపు రేఖల వెంట చేయి కదిపితే మాత్రం ఆ రోగి దానిని గుర్తించగలిగేవాడు.

వైద్యుడు చెప్పిన ఈ ఉపాయాన్ని మనుమరాలు మరువలేదు. బందరు నుండి జాబు రాగానే తాతగారి చూపుడువేలు పట్టుకొని మొదటి అక్షరం మీద ఉంచింది. ఎందరో పసివారి వేళ్లు పట్టి బియ్యంలో ఓనమాలు దిద్దించిన చేయి అది. గుడి, వత్తు, దీర్ఘం తడుముతూ ఆ వేలు మెల్లగా కదిలింది. చాలాసేపటికి ఆయన పెదవులు విచ్చుకొన్నాయి: “మిత్రమా!”