జోడీ ఎట్లా కుదిరిందో స్పిన్‌ను అడగాలి

రాయలసీమలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్సు చెప్పేవాడికి కృష్ణబిలం మీద ఏటా ఒకే ప్రశ్న ఎదురవుతుంది: “అది అన్నిట్నీ మింగేస్తాదంట గదా సార్?” కర్నూలులో పనిచేసినప్పుడూ అదే, కడపకు బదిలీ అయ్యాకా అదే. మింగుడు సంగతి రెండు మాటల్లో తేల్చి పిల్లల్ని కంప్యూటర్ ల్యాబుకు తీసుకుపోతాను. నా లెక్కలో అసలు చోద్యం కృష్ణబిలాల జోడీల్లో ఉంది.

మొదలుపెట్టేది 2015 సెప్టెంబరు 14 నాటి డేటాతో. అమెరికాలోని రెండు లైగో కేంద్రాలు గురుత్వ తరంగాన్ని తొలిసారి పట్టింది ఆ రోజే. 32 సెకన్ల ఫైలు, సెకనుకు 4096 కొలతలు. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. పైథాన్‌లో గీస్తే ముందు పిచ్చిగీతలే కనిపిస్తాయి. నేల అదురు, కరెంటు రొద, పరికరాల చప్పుడు అన్నీ అందులోనే ఉంటాయి. వాటిని వడగట్టి 35 నుంచి 350 హెర్ట్జ్ మధ్య ఉన్నదాన్నే మిగిలిస్తే, సెకనులో ఐదో వంతు సేపు ఒక అల లేస్తుంది. పోనుపోను వేగం పెరిగి, ఎత్తు పెరిగి, ఠక్కున ఆగిపోతుంది. లివింగ్‌స్టన్ కేంద్రంలో కనిపించిన 7 మిల్లీసెకన్లకు హాన్‌ఫర్డ్ కేంద్రంలోనూ అదే అల. సూర్యుడికి 36 రెట్లు, 29 రెట్లు బరువున్న రెండు కృష్ణబిలాలు ఒకటయ్యాయి. మూడు సూర్యుళ్ల బరువు తరంగాలుగా వెళ్లిపోయింది. అది జరిగింది దాదాపు 130 కోట్ల కాంతి సంవత్సరాల అవతల.

ఆ అల చూశాక పిల్లల ప్రశ్న మారుతుంది. “ఆ రెండూ యాడ కలిసినాయి సార్?”

అందుకు ముఖ్యంగా రెండు దారులు చెబుతాను. ఒకే మేఘంలో జంటగా పుట్టిన రెండు భారీ నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. పెద్దది ముందు ఉబ్బి, తన పదార్థాన్ని రెండోదానికి ఇచ్చి, కృష్ణబిలమవుతుంది. తర్వాత రెండోది ఉబ్బి దాన్నీ తన వాయువులో కప్పేస్తుంది. ఆ రాపిడిలో రెండూ బాగా దగ్గరవుతాయి. ఇంత దగ్గర కాకపోతే విశ్వం వయసంతా గడిచినా అవి కలవవు. చివరికి రెండోదీ కృష్ణబిలమవుతుంది. ఇక రెండో దారి, కిక్కిరిసిన నక్షత్ర గుచ్ఛాలు. అక్కడ వేర్వేరుగా పుట్టిన కృష్ణబిలాలు నడిమికి దిగి జతకడతాయి. బరువైన మూడోది వచ్చిందంటే తేలికైనదాన్ని తరిమి ఆ చోట తాను చేరుతుంది.

“అయితే మొదటిది మేనరికం, రెండోది తిరునాళ్లలో కుదిరిన సంబంధం సార్” అన్నాడు జమ్మలమడుగు వైపు అబ్బాయి ఒకడు. అప్పట్నుంచి క్లాసులో నేనూ అదే మాట వాడుతున్నాను.

ఏది ఏ సంబంధమో చెప్పేది స్పిన్, అంటే కృష్ణబిలం తన చుట్టూ తాను తిరిగే తిరుగుడు. జంటగా పెరిగినవాటి స్పిన్‌లు తాము తిరిగే కక్ష్య దిశకే సర్దుకొని ఉంటాయి. గుంపులో కలిసినవాటికి ఆ కట్టడి లేదు, ఎటైనా ఉండొచ్చు. ఈ తేడా అలలోనే తెలుస్తుంది: స్పిన్ కక్ష్య దిశలో ఉంటే జోడీ మరికొన్ని చుట్లు తిరిగాకే కలుస్తుంది, ఎదురుగా ఉంటే తొందరగా కలిసిపోతుంది. 2015 సెప్టెంబరు జోడీలో కక్ష్య దిశ వైపు స్పిన్ ఎంతో లెక్కేస్తే సున్నా దగ్గరే తేలింది. అదే ఏడాది డిసెంబరు 26న దొరికినదాంట్లో కక్ష్య వైపు మొగ్గు ఉంది. 2024 నవంబరు 10 నాటి జోడీలో పెద్దది కక్ష్యకు ఎదురుగా తిరుగుతోంది. 2023 నవంబరు 23న కలిసినవి ఒక్కోటీ వంద సూర్యుళ్ల స్థాయివి, పైగా మహా వేగంగా తిరిగేవి. ఒకే నక్షత్రం కూలి అంత బరువు కృష్ణబిలం కావడం కష్టం. సమ ఉజ్జీలు కలిస్తే పుట్టేదానికి స్పిన్, గరిష్ఠం 1 అనుకుంటే, 0.7 దాకా ఉంటుంది. అందుకే అవీ పాత కలయికల సంతానమేనని చాలామంది అనుమానం.

ఒక్క జోడీని చూసి తీర్పు చెప్పబోయే పిల్లల్ని ఆపుతాను. నక్షత్రం పేలేటప్పుడు తగిలే తోపుడుకు జంటగా పెరిగినదైనా ఒరిగిపోవచ్చు. లెక్క సున్నా వచ్చిందంటే స్పిన్ తక్కువైనా కావచ్చు, అడ్డంగా పడుకొనైనా ఉండొచ్చు. ఇప్పటికి దొరికినవి రెండు వందలు దాటాయి. ఎక్కువవాటికి స్పిన్ తక్కువే, మొగ్గు కాస్త కక్ష్య వైపే, ఎదురువీ కొన్ని ఉన్నాయి. కాబట్టి రెండు దారులూ నడుస్తున్నాయనే నా మాట.

అక్టోబరులో మబ్బు విడిచాక గండికోటలో హంస రాశి మెడ దగ్గర సిగ్నస్ ఎక్స్-1 ఉన్న చోటు చూపిస్తాను. సుమారు 21 సూర్యుళ్ల కృష్ణబిలం, దానికి తోడు ఒక భారీ నీలి నక్షత్రం, 5.6 రోజులకు ఒక చుట్టు. మొదటి దారిలో సగం నడిచిన జంట అది. ఇలాంటివాటి ఎక్స్‌రేలు చదివే ఆస్ట్రోశాట్ ఉపగ్రహం మన శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న, తొలి తరంగం అందిన రెండు వారాలకు ఎగిరింది. సిగ్నస్ స్పిన్ గరిష్ఠానికి దగ్గర, తరంగాల్లో దొరికినవాటిది చాలావరకు తక్కువ. ఈ పొత్తు కుదరని లెక్కే పరిశోధకులకు ఇప్పుడు పెద్ద పని.

అలాంటి తరంగాలు పట్టే కేంద్రం మన దేశంలోనూ రాబోతోంది. ఆ లైగో-ఇండియాకు 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 2,600 కోట్లు మంజూరు చేసింది. అది రాబోయేది నాందేడు పక్కన హింగోలి జిల్లా ఔంఢాలో. కర్నూలు, కడప పిల్లలకు నేను చెప్పేదొకటే: డేటాకు ఫీజు లేదు, ఎంట్రన్సు లేదు. పైథానూ స్టాటిస్టిక్సూ డిగ్రీలోనే పట్టుకోండి. లైగో-ఇండియా నడిచేనాటికి పనివాళ్లు కావాలి.