ఐదు నక్షత్రముల కర్ణుడు

మొన్నటి వేసవి సెలవులలో చింతామణిలోని మా యింట మూడు వారములపాటు కర్ణార్జునుల మాటయే మాట. న్యూజెర్సీలో స్థిరపడిన మా తమ్ముని మనుమడు తల్లిదండ్రులతో వచ్చియుండెను. చిక్కబళ్ళాపురములో కన్నడ మాధ్యమమున చదువుచున్న మా మనుమడును వచ్చి చేరెను. ఒకనిది ఇంగ్లీషు చదువు, రెండవవానిది కన్నడము చదువు. ఇద్దరికిని పొత్తు కుదిరిన భాష ఇంటి తెలుగొక్కటే. ఆ తెలుగులో వారిద్దరును పగలనక రేయనక ఒకే ఫోనుపై తలలు వంచి, "కర్ణుడు వస్తాడా, రాడా?" అని వాదులాడుకొనుట విని, పిల్లలకు భారతముపై మనసు పోయినదని మేము మురిసిపోతిమి.

దగ్గరకు పోయి చూడగా అది యొక ఆట. జపానువారు 2015లో వెలువరించిన 'ఫేట్ గ్రాండ్ ఆర్డర్' అను ఆట. ఆడువాడు దేశదేశముల పురాణములనుండియు చరిత్రలనుండియు వీరులను పిలిచి, జట్టు కూర్చుకొని యుద్ధము చేయవలెను. అందు మన కర్ణుడు కలడు, అర్జునుడు కలడు, అశ్వత్థామ కలడు, శ్రీరాముడును కలడు. వీరుల తారతమ్యమును నక్షత్రములతో గుర్తింతురు. ఐదు నక్షత్రములన్నచో అగ్రశ్రేణి. కర్ణార్జునులు ఇద్దరును ఆ శ్రేణివారే.

ఇందలి చిక్కు ఏమన, కోరిన వీరుని కోరినట్లు తీసికొనుటకు వీలు లేదు. మూడు మణులు చెల్లించి పిలువవలెను, వచ్చువాడు వచ్చును. ఐదు నక్షత్రముల వీరుడు వచ్చుటకు నూటికి 1 పాలు మాత్రమే అవకాశము. మణులను ఆడి సంపాదింపవచ్చును. ఓపిక లేనివారు డబ్బిచ్చి కొనవచ్చును. జపానులో నాణెము వేసి పిడి త్రిప్పగా, మూసిన డబ్బాలో ఏదో యొక బొమ్మ పడు యంత్రములు కలవు. వాని చప్పుడును బట్టి ఈ పద్ధతికి 'గాచా' యని పేరు వచ్చినది. మన జాతరలలో చీటీ చించి బహుమానము చూచుకొనుట వంటిదే. కొన్ని బొమ్మలను పూర్తిగా కూర్చినగాని పెద్ద బహుమానము దక్కని గాచా విధానమొకటి చట్టమునకు విరుద్ధమని 2012లో జపాను ప్రభుత్వమే ప్రకటించినది.

మేమును కాగితము తీసి లెక్క వేసితిమి. నూరుగురు నూరేసి పర్యాయములు పిలిచినను, వారిలో సుమారు 37 మందికి ఐదు నక్షత్రముల వీరుడొక్కడును రాడు. మిగిలినవారికి వచ్చినవాడు కర్ణుడే యగునను పూచీయు లేదు. అందుచేత ఆడువారు ఎవరు బలవంతులు, ఎవరికై మణులు దాచుకొనవలెను అని పట్టికలు వేసికొని వాదించుచుందురు. పిల్లల పట్టికలో కర్ణుడు అర్జునునికి పైన నుండెను. కారణమడుగగా చెప్పిరి: ఈ యాటలో ఈటె పట్టినవాడు విలుకానిని రెట్టింపు దెబ్బ కొట్టును. కర్ణుడు ఈటెవాడు, అర్జునుడు విలుకాడు. బాగేపల్లినుండి చూడవచ్చిన మా బావగారు ఈ మాట విని, "పాపం, వాడికి జపానులోనైనా న్యాయం జరిగిందిలే" అనిరి.

బలమైన పాత్రకై తహతహ మా తరమునకును క్రొత్త కాదు. ఈ ప్రాంతపు పల్లెలలో కురుక్షేత్ర నాటకము ఆడునప్పుడు పాత్రలకు వెల యుండెడిది. హార్మోనియము ముందు కూర్చుండి నేర్పు మేష్టరుగారికిని, తెరలకును, దుస్తులకును అగు ఖర్చును పాత్రధారులే భరించెడివారు. దుర్యోధనునికి ఎక్కువ, భీమునికి ఎక్కువ, ద్వారపాలకునికి తక్కువ. మా పెదనాయనగారు ఒక యేడు వేరుసెనగకాయలమ్మిన సొమ్ము పోసి భీముని పాత్ర తీసికొనిరి. మీసమును గదయు అమోఘముగా కుదిరినవి. అయితే గదాయుద్ధపు తావున పద్యము మరచి నిలిచిపోయిరి. ఎవరును కోరని విదురుని వేషము కట్టిన నేతగాడొకడు, అందరి పద్యములును వచ్చినవాడు, తెరచాటునుండి మొదటి మాట అందించెను. నాటకము నిలిచినది. తెల్లవారిన తరువాత ఊరివారు పొగడినది భీముని. పెదనాయనగారు మాత్రము ఆ నేతగానిని పిలిచి తమ ప్రక్కన కూర్చుండబెట్టుకొని భోజనము చేసిరి.

ఈ కథ పిల్లలకు చెప్పవలెనని మేము తలచుచుండగనే అనర్థము జరిగినది. మా మనుమడు పండుగలకు అవ్వ యిచ్చిన రూపాయలను దాచుకొని యుండెను. ఆ 3,000 రూపాయలను రహస్యముగా అన్నచేతిలో పెట్టెను. ఆ పిల్లవాడు తండ్రికి చెప్పకయే తండ్రి కార్డుతో మణులు కొనెను. అంతకుముందు కూడబెట్టినవానితో కలిపి ముప్పది పర్యాయములు పిలిచిరి. కర్ణుడు రాలేదు. ముప్పది పర్యాయములకు ఐదు నక్షత్రములవాడు రాకపోవుటకే నూటికి 74 పాళ్ళు అవకాశమని మా లెక్క. ఆ లెక్క అప్పుడెవరికి కావలెను! కార్డు వ్యవహారము ఆ రాత్రియే బయటపడినది. తండ్రి కేకలు వేసెను, పిల్లలు ఏడ్చిరి. 2025 జూలైలో రాష్ట్ర మంత్రివర్గము బాగేపల్లికి భాగ్యనగరమను పేరు పెట్టుటకు ఆమోదించినది గదా. "భాగ్యం ఊరి పేరులోకి వచ్చినంత సులభంగా చీటీలోకి రాదురా" అని మా బావగారు నవ్వించ జూచిరి. ఎవరును నవ్వలేదు.

అప్పుడు మా యిల్లాలు పిల్లలను దగ్గరకు పిలిచినది.

"ఎవర్నిరా కొనేకి పోయినారు?"

"కర్ణుణ్ణి, అవ్వా."

"అడిగితే ఒంటిమీది కవచం కోసి ఇచ్చినవాణ్ణి దుడ్డిచ్చి కొనేకి పోయినారా?"

పిల్లలు తలలెత్తి చూచిరి. కవచమేమియని అడిగిరి. ఇంద్రుడు బ్రాహ్మణ వేషమున వచ్చి సహజ కవచ కుండలములను యాచించుట, కర్ణుడు తెలిసియు ఇచ్చుట, ఇంద్రుడు ప్రతిగా ఒక్కసారి మాత్రమే పనిచేయు శక్తి నొసగుట ఆమె చెప్పినది. ఆటలో కర్ణుని యాయుధము పేరు 'వాసవి శక్తి' యని అమెరికా పిల్లవానికి తెలియును. అది ఒక్కసారికే యని తెలియదు. అర్జునునికై దాచిన ఆ శక్తిని, ఘటోత్కచుడు రాత్రి యుద్ధమున కౌరవసేనను చెండాడుచుండగా, తనవారి మొర వినలేక కర్ణుడు అతనిపై ప్రయోగించెనని చెప్పినంతనే వాడు, "అన్ని రోజులు దాచిపెట్టి, చివరికి వేరేవాడి మీద వాడేశాడా?" అనెను. మణులు దాచిన చేయి గనుక ఆ బాధ వానికి వెంటనే అందినది.

మరునాడు మేము పిల్లలను కైవారమునకు తీసికొనిపోతిమి. కైవారము మన చింతామణి తాలూకాలోనిదే. తెలుగు కన్నడములు రెండింటను కీర్తనలు పాడిన నారేయణ యతీంద్రుల స్థలము. భీముడు బకాసురుని చంపిన ఏకచక్రపురము ఇదియేయని స్థానికుల నమ్మకము. ఆ కథలోను వంతు ప్రకారము ఒక యింటికి మృత్యువు వచ్చును. తండ్రి నేను పోదుననును, తల్లి నేననును, కూతురు నేననును. మాటలు సరిగా రాని పసివాడు గడ్డిపరక చేతబట్టి, దీనితో రాక్షసుని చంపుదుననును. ఆ మాట విన్న కుంతి తన కుమారులలో బలవంతుని పరుల వంతునకు పంపినది. ఆమెయొద్ద ఐదు నక్షత్రముల వీరుడు ఉండెను. ఆమె అతనిని దాచుకొనలేదు. ఆ గడ్డిపరక పిల్లవానికి ఎన్ని నక్షత్రములు వేయవలెనని మా మనుమనిని అడిగితిమి. వాడు ఆలోచించి, "లెక్క తెలీదు తాతా" అనెను.

తిరుగు ప్రయాణమున, మీ జట్టులో ఉన్నవారెవరని అడిగితిమి. "అందరూ పనికిరానివాళ్ళే తాతా, ఈ ఆరష్ ఒక్క నక్షత్రంవాడు" అని చూపిరి. ఆరష్ ఇరాను దేశపు కథలలోని విలుకాడు. ఇరాను తూరానుల సరిహద్దు నిర్ణయించుటకు బాణము వేయవలసి రాగా, తన ప్రాణమంతయు ఆ బాణమున పోసి, అది దూరముగా పడగా తాను నశించెనని వారి గాథ. ఆటలోను అతడు పెద్ద బాణము ఒక్కసారి వేసి అదృశ్యుడగును. అనుభవజ్ఞులు అతనిని వదలరని అమెరికా పిల్లవాడే ఒప్పుకొనెను. సరిహద్దున కాపురమున్న మనకు అతని కథ తెలియకపోవుట చిన్నతనముగ తోచినది. ద్వారకలో దుర్యోధనుడు నారాయణ సేనను, అర్జునుడు ఆయుధము పట్టని కృష్ణుని కోరుకొన్న ముచ్చటయు అప్పుడే చెప్పితిమి. బలమును లెక్కించినవాడు సేనను పొందెను. తోడును ఎరిగినవాడు సారథిని పొందెను.

ఆ సాయంకాలము పిల్లలిద్దరును మరల కూర్చుండిరి. ఈ యాటలో స్నేహితుని వీరునొకనిని యుద్ధమునకు అరువు తెచ్చుకొనవచ్చును; తన వీరుని ఇతరుల వాడుకకై నిలుపవచ్చును. వారు ఎవరిదో కర్ణుని అరువు తెచ్చుకొని, ఆరష్‌ను ప్రక్కన నిలిపి గెలిచిరి. రూపాయి ఖర్చు లేదు.

మేము ఆలోచించితిమి. 1956లో రాష్ట్రముల హద్దులు మారినప్పుడును, 2007లో కోలారునుండి చిక్కబళ్ళాపురము జిల్లాగా వేరుపడినప్పుడును, మన కుటుంబములు ఇచ్చటనే యున్నవి. బడిలో, సంతలో, కచేరిలో కన్నడము మనకు తోడు నిలిచినది. ఆ తోడు లేనిదే మన బ్రతుకు సాగెడిది కాదు. తోడు తీసికొన్నవాడు తోడు ఇచ్చుటకును ఏదో యొకటి సిద్ధముగ నుంచుకొనవలెను గదా. మన కర్ణుని మన పిల్లలు జపానునుండి అరువు తెచ్చుకొనుటలో తప్పు లేదు. వాడు ఇంటికి వచ్చిన నాడు, వాని కవచమేమైనదో చెప్పగల తెలుగు నోరొకటి ఇంటిలో నుండవలెను. అది లేనినాడే మనము నిజముగా రిక్తహస్తులము.

అమెరికా పిల్లవాడు తిరిగి పోయినాడు. మా మనుమడు పోయిన 3,000 రూపాయలను మరల కూడబెట్టుచున్నాడు; దేనికని మేము అడుగలేదు. ఆదివారము ఆదివారము వారిద్దరును ఫోనులో కలిసికొని అవ్వచేత భారతము మొదటినుండి చెప్పించుకొనుచున్నారు. ఇప్పటికి ద్రోణపర్వమునకు వచ్చినారు. కర్ణుడింకను బ్రతికియే యున్నాడు.