కాటుకు ముందే కవచం

మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు చినుకులు పడగానే, ఒకప్పటి పాలమూరు జిల్లాలోని షాద్‌నగర్ పరిసరాల పల్లెలకు ప్రాణం లేచివస్తుంది. బీళ్లు పచ్చబడతాయి, కుంటలలో నీరు చేరుతుంది. కాని గొర్రెల కాపరి కన్నులలో ఆనందం వెంట భయం కూడ తొంగిచూస్తుంది. వానలు ముదిరేకొద్దీ మందలో జ్వరాలు మొదలవుతాయి. మూతి వాచి, నోట పుండ్లు పడి, గొర్రె మేత ముట్టదు. కొన్నింటికి నాలుక నీలివర్ణానికి తిరుగుతుంది. అదే నీలినాలుక వ్యాధి. మెట్టపంట మోసగించిన ఏట మందయే ఆధారమైన ఇంటికి అది పెద్ద పిడుగు.

ఈ వైరస్‌ను మోసేది దోమకంటె చిన్నదైన క్యూలికాయిడిస్ అనే కీటకం. ఆవులు, ఎద్దులు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తూ దీనిని రక్తంలో దాచుకొంటాయి. దాచేది ఒకటి, బాధపడేది మరొకటి.

పసివారిని పీడించే జపనీస్ మెదడువాపు కథ కూడ ఇటువంటిదే. దాని వైరస్ కొంగలలో, పందులలో వృద్ధి చెందుతుంది. వరిమళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ దానిని బిడ్డకు చేరుస్తుంది. సోకినవారిలో ఎక్కువమందికి ఏమీ కాదు. మెదడు వాచినవారిలో కొందరు మరణిస్తారు. బ్రతికినవారిలో పలువురు మాటో, నడకో, జ్ఞాపకమో కోల్పోతారు. ఆ వైరస్‌ను అణచే మందు లేదు, టీకాయే శరణ్యం.

దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది సికిందరాబాదులోనే. ఆ జంటనగరాల చెంతనే నేడు టీకాలు రూపొందుతున్నాయి. కోలారు ప్రాంతంలో సేకరించిన మెదడువాపు వైరస్‌ను పూణేలోని జాతీయ వైరాలజీ సంస్థ అందించగా, భారత్ బయోటెక్ సంస్థ దానిని కణాలలో పెంచి, నిర్జీవం చేసి, 2013లో ‘జెన్‌వాక్’ టీకాను విడుదల చేసింది. గొర్రెల కోసం ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ ‘రక్షా బ్లూ’ను తయారుచేసింది. నీలినాలుక వైరస్‌లో ఇరవైకి పైగా రకాలున్నాయి. ఒక రకానికి వేసిన టీకా మరొక రకాన్ని పూర్తిగా ఆపలేదు. అందుచేత మన దేశంలో ఎక్కువగా కనిపించే ఐదు రకాలను ఆ ఒక్క టీకాలోనే కూర్చారు.

ఇక్కడ ఒక సూక్ష్మం గ్రహించాలి. తట్టు మనిషినుండి మనిషికి సోకుతుంది. ఊరంతా టీకా వేయించుకొంటే మిగిలిన ఒకరిద్దరికీ ఆ రక్షణ దక్కుతుంది. మెదడువాపు విషయంలో అట్లా కాదు. వైరస్ కొంగలోను, పందిలోను ఉండగా, పొరుగింటి బిడ్డకు పడిన సూది మన బిడ్డను కాపాడదు. ఎవరి కవచం వారే తొడుక్కోవాలి. ఆవును ఆశ్రయించిన వైరస్ నుండి టీకా పడని గొర్రెకూ అదే గతి.

టీకా రక్షణగా మారడానికి కొన్ని వారాలు పడుతుంది. జ్వరం వచ్చాక దానికోసం పరుగెత్తడం ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వడమే. కాపరి వానకు ముందే గొంగడి దులిపి సిద్ధం చేసుకొంటాడు. అప్పుడే టీకానూ తలచుకొంటే మంద నిలుస్తుంది, ఇల్లూ నిలుస్తుంది.