ఓలేటి గొంతు

పులివెందుల నుంచి జమ్మలమడుగు బస్సు. ముద్దనూరు దాటినాక ఫోన్‌లో ఓలేటి వెంకటేశ్వర్లు గారి పాత రేడియో కచేరీ పెట్టుకున్నా.
ఇయర్‌ఫోన్ తీగ ఊడి పాట బయటికొచ్చేసింది. ఆపబోతుంటే పక్కసీటు పెద్దాయన చెయ్యి పట్టుకున్నాడు.
"ఉండనీ నాయనా... ఎవరబ్బా ఈయన?"

పేరు చెప్పినా. ఎప్పుడూ వినలేదంట.

ఆలాపనలో ఓలేటి గారు పై షడ్జం మీద ఊరికే అట్ల నిలబడతారు. అరవరు, తొందరపడరు. కర్ణాటక రాగంలోకి హిందుస్తానీ నెమ్మది వచ్చి కూర్చుంటుంది. పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. పెన్నా వంతెన వచ్చి పోయింది, తెరవలేదు.

ఓలేటి గారు 1928లో కోనసీమ రాజోలులో పుట్టిన మనిషి. మన కర్నూలులో స్థిరపడిన డాక్టరు శ్రీపాద పినాకపాణి గారి శిష్యులు. ఏళ్ల తరబడి విజయవాడ ఆకాశవాణిలోనే పనిచేశారు. రేడియోలో భక్తిరంజని మోగిన ఇళ్లల్లో ఆ గొంతు తెలుసు, పేరే తెలీదు. 1989లో, అరవై దాటీ దాటకుండానే పోయారు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ప్రొద్దుటూరులో గానీ, జమ్మలమడుగులో గానీ ఆయన క్యాసెట్లు దాచుకున్నోళ్లు ఉన్నారా? చెప్పండి, వచ్చి వింటా.