ఊరికే పంపిస్తామంటే పంపేయడమేనా?

ఏమండీ, ఓసారి ఇలా ఫెన్సు దగ్గరికి రండి. తొందరేం లేదు లెండి, మీవారింకా మీటింగులోనే ఉన్నారు, ఆ గొంతు మా పెరట్లోకి వినిపిస్తోంది. మీ పాప శనివారం మళ్ళీ శాట్ పరీక్ష రాసొచ్చిందటగా? మీరు చెప్పలేదనుకోండి. కానీ సెలవు పూట ఏడు కాకుండానే కారు కదిలితే ఎందుకో ఆ మాత్రం తెలుసుకోలేమా? ఫ్రిస్కోలో ఉన్నా మనం మనమే కదా.

ఎలా రాసిందని అడగను. స్కోర్లు పంపేశారా అని అడుగుతున్నా, అంతే. నాలుగు కాలేజీలకు ఊరికే పంపిస్తామంటారు కదా కాలేజ్ బోర్డు వాళ్ళు. ఆ ఊరికే అన్నది పరీక్షయిన తొమ్మిది రోజుల దాకానే. మార్కులు వచ్చేదేమో సుమారు రెండు వారాలకి. చూశారా మెలిక! స్టూడియో వాడు ఫొటో కడిగి ఇవ్వకముందే నాలుగు సంబంధాల వాళ్ళకీ కవర్లు పోస్టు చేసెయ్యమన్నట్టుంది.

మనవాళ్ళకి ఊరికే అంటే చెయ్యాగదు. మూలింటాయన్ని చూడండి. కోచింగుకి వేలకు వేలు పోశాడు, అడిగితే లెక్క కూడా చెప్పడు. మార్కులు చూసుకుని నిదానంగా పంపితే కాలేజీకి పదిహేను డాలర్ల దాకా అవుతుందనేసరికి ప్రాణం గిలగిల్లాడింది. రిజిస్ట్రేషన్ నాడే నాలుగు పేర్లూ నింపేశాడు. అందులో ఒకటి బర్కిలీ! కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపసులు సీటిచ్చేటప్పుడు శాట్ వైపు చూడనే చూడవండీ. పాపం, చెబితే చిన్నబుచ్చుకుంటాడని నేనూ చెప్పలేదు. మీరూ అనకండి.

ఇంకోటి. చాలా కాలేజీలు ఇప్పుడు అప్లికేషన్‌లో పిల్లలు నింపిన మార్కుల్నే తీసుకుంటున్నాయి. అసలు రిపోర్టు సీటొచ్చి, చేరతామన్నాక పంపితే చాలు. అన్నీ అలా ఒప్పుకోవు, అదొక్కటే తంటా. ఏ కాలేజీ మాట ఆ కాలేజీ పేజీలోనే చూసుకోవాలి. వాట్సాప్ గ్రూపులో అడిగారా, ఒకరు పంపమంటారు, ఒకరు వద్దంటారు, మూడో ఆవిడ గుడ్ మార్నింగ్ గులాబీ పెడుతుంది.

ఈ గొడవంతా కోవిడ్ నుంచి. 2020లో దాదాపు అందరూ స్కోరు మీ ఇష్టం, పంపితే పంపండి, లేకపోతే లేదన్నారా? మళ్ళీ ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. ఎంఐటీ 2022లోనే మాట మార్చింది. డార్ట్‌మత్, బ్రౌన్, హార్వర్డ్ 2024లో. మన ఆస్టిన్ యూటీ కూడా అదే ఏడు. వీళ్ళ దగ్గర మన ఇష్టం ఏమీ లేదు, ఇచ్చి తీరాల్సిందే. ఇంకా మీ ఇష్టం అంటున్న చోటే బుర్ర పెట్టాలి. కిందటేడు చేరినవాళ్ళలో మధ్య సగం మందికి ఇంత నుంచి ఇంత వచ్చిందని కాలేజీలే వేస్తాయి. పాప స్కోరు అందులో పడితే పంపండి. బాగా కిందికుంటే నోరు మెదపకండి. మధ్యలో ఊగితే... అప్పుడు నా దగ్గరికి రండి, కాఫీ పెడతాను.

పాప రెండుసార్లు రాసింది కాబట్టి చెబుతున్నా. ఏ తేదీది పంపాలో మీరు ఎంచుకోవచ్చు గానీ, ఒక తేదీ లెక్కలూ ఇంకో తేదీ ఇంగ్లీషూ తుంచి పంపడం కుదరదు. తేదీది తేదీగా వెళ్ళాల్సిందే. చాలా కాలేజీలు రెండు తేదీల్లోంచీ మంచివి ఏరుకుని వాళ్ళే కలుపుకుంటారు, సూపర్‌స్కోరని. అలాంటి చోటికి రెండూ పంపితేనే లాభం. జార్జ్‌టౌన్ అయితే రాసినవన్నీ పెట్టమంటుంది. దాపరికం కుదరదన్నమాట, అచ్చం మా అత్తగారిలా!

నన్నడిగితే ఆ నాలుగు ఉచితాలూ వదిలేయండి. నవంబరు ఒకటికి ఎర్లీ అప్లికేషన్లు వేస్తున్నారు కదా, ఈ అక్టోబరు మార్కులు ఆలోపే వచ్చేస్తాయి. చూసుకుని, ఒప్పుకునే చోట మీరే నింపుకోండి. సొంతంగా నింపితే ఒప్పుకోని కాలేజీ ఉంటే మాత్రం మార్కులు రాగానే డబ్బు కట్టి పంపేయండి, అవి చేరడానికీ కొన్ని రోజులు పడుతుంది. అరవై డాలర్లు పోతే పోనివ్వండి, మొన్న మీరు కాస్ట్‌కోలో కొన్న ఆ ఎయిర్ ఫ్రయర్ ఇంకా డబ్బాలోనే ఉందిగా.

ఫీజు మినహాయింపు ఉన్న పిల్లలకి ఈ లెక్కే లేదు, ఎన్నిసార్లు పంపినా ఉచితమే. మీవారి ఉద్యోగానికి అది మనకి రాదనుకోండి.

అన్నట్టు, మీవారు పాప కాలేజీలకి ఎక్సెల్ షీట్ వేశారటగా, తక్కువొస్తే ఎరుపు, ఎక్కువొస్తే ఆకుపచ్చ అని. ఆగస్టులో రాసినదాని గడి ఏ రంగండీ? మార్కు అడగట్లేదు. రంగు చెప్పండి చాలు.